దండకంతో లాగిన బస్సు

"నేను గొప్పలు చెప్పుకునే రకం కాదు. ఆ సంగతి మీ అందరికీ తెలుసు," అన్నాడు కటింగు మాస్టరు, మెళ్ళో వేలాడే టేపు సర్దుకుంటూ.

తెలుసని ఎవరూ అనలేదు. టీకొట్టు పిన్ని పాలు పొంగకుండా గరిటె తిప్పుతోంది. రిటైరైన పోస్టుమాన్ తాతయ్య బిస్కెట్టు టీలో ముంచి, అది విరిగి గ్లాసులో పడేలోపు నోటికి అందించే పనిలో ఉన్నాడు. బోర్డులు రాసే తమ్ముడొక్కడే మాస్టరు నోటివంక కళ్ళార్పకుండా చూస్తున్నాడు. అతని ఒళ్ళో మూడడుగుల చెక్క బోర్డు, చేతిలో కుంచె, కాళ్ళ దగ్గర మూత తీసిన రంగుడబ్బా.

అతను అలా చూడటానికి కారణం ఉంది. అతని బావ, అంటే అక్క మొగుడు, ముప్పై నాలుగేళ్ళుగా బస్సు నడుపుతున్నాడు. ఈ రోజే ఆఖరి ట్రిప్పు. సాయంత్రం ఐదింటికి ఎదురుగా ఉన్న డిపోలోకి బస్సు తెచ్చి, తాళాలు అప్పజెప్పి ఇంటికెళ్ళిపోతాడు. నీకేం కావాలని డిపోవాళ్ళు అడిగితే, "దండలొద్దు, గడియారం వద్దు. నా మీద ఒక పద్యం రాయించి బోర్డుకెక్కించండి, ఇంట్లో గోడకి తగిలించుకుంటాను," అన్నాడట. ఇన్నేళ్ళలో ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే. ఆ పని డిపోవాళ్ళు తమ్ముడికే అప్పజెప్పారు.

పదిరోజుల కిందట ఇదే బెంచీ మీద ఆ మాట విన్న మాస్టరు, "పద్యమే కదా! నాకు వదిలెయ్ తమ్ముడూ. కందం రాసిస్తాను. చిన్న పాదం, పెద్ద పాదం, చిన్న పాదం, పెద్ద పాదం. ఆ లెక్కన గీతలు గీసి ఉంచు," అన్నాడు. తమ్ముడు గీసి ఉంచాడు. పసుపు రంగు వేశాడు, చుట్టూ ఆకుపచ్చ అంచు తీర్చాడు. అక్షరాలు తప్ప అన్నీ ఉన్నాయి. ఇప్పుడు మూడు దాటింది. రంగు ఆరడానికే గంట పడుతుంది.

"మాస్టారూ, పద్యం," అన్నాడు తమ్ముడు.

"దానికే వస్తున్నా. అసలు పద్యానికీ నాకూ సంబంధం ఎలా కలిసిందో చెప్పకుండా పద్యం చేతిలో పెడితే, కొలతలు తీసుకోకుండా కోటు ఇచ్చినట్టుంటుంది. కోటంటే గుర్తొచ్చింది. ఒకసారి ఒక కవిగారు కోటు కుట్టించుకోవడానికి వచ్చాడు. నిలబెట్టి టేపు పెడదామంటే ఊరుకోడే! కళ్ళు మూసుకుని సీసపద్యం ఎత్తుకున్నాడు. పిన్నీ, సీసం అంటే నీకు అర్థమయ్యేట్టు చెప్తా విను. నాలుగు పాదాలుంటాయి, ఒక్కోటీ మధ్యకి మడతపెట్టుకోవాల్సినంత పొడుగు. అది చాలదన్నట్టు కింద ఇంకో చిన్న పద్యం, ఆటవెలదో తేటగీతో, అంచు కుట్టినట్టు తగిలించాలి. సరే, ఈయన మొదటి పాదంలో ఉండగా నేను గుడ్డ పరిచాను. రెండో పాదంలో కత్తిరించాను. మూడో పాదంలో చేతులు అతికాను, నాలుగో పాదంలో కాలరు నిలబెట్టాను. కింద తేటగీతి ముగిసేసరికి గుండీలు కుట్టి, ఇస్త్రీ చేసి, ఆయన ఒంటిమీద వేసేశాను. ఆయన కళ్ళు తెరిచి, 'కొలతలు ఎప్పుడు తీసుకుంటావయ్యా?' అన్నాడు!"

"ఇస్త్రీపెట్టె వేడెక్కడానికే ఒక సీసం పడుతుంది కదయ్యా," అన్నాడు తాతయ్య.

"ఆ పద్యం వేడికే వేడెక్కింది తాతయ్యా. వీరరసం!"

పిన్ని ముసిముసిగా నవ్వుతూ అతని ముందు టీ పెట్టింది.

"అప్పట్నుంచీ నా కొట్లో గడియారం తీసేశాను. కాజా కుట్టాలా, ఒక ఆటవెలది. ప్యాంటుకి జిప్పు వెయ్యాలా, ఒక కందం. పెళ్ళికొడుకు సూటు అయితే సీసమాలిక, దానికిక పాదాల లెక్కే ఉండదు, ఎంత పొడుగు పెళ్ళికొడుకు వస్తే అంత పొడుగు. సరే, ఇదంతా చిన్న విషయం. ఆ కవిగారు నెల తిరక్కుండానే మళ్ళీ వచ్చాడు. ఎందుకొచ్చాడో తెలుసా?"

"కోటు పిగిలిందా?" అంది పిన్ని.

"నేను కుట్టింది పిగలడమా! ఆయన పద్యం పిగిలింది. కందం రాశాడట, పండితులు తప్పు పట్టారట. చూడగానే నాకు తెలిసిపోయింది. కందంలో ఒకటో పాదానికీ మూడో పాదానికీ మూడేసి గణాలు. గణం అంటే ముక్క అనుకో పిన్నీ. రెండో పాదానికీ నాలుగో పాదానికీ ఐదేసి. ఈయన మూడో పాదంలో నాలుగు ముక్కలు పెట్టాడు. ప్యాంటుకి ఒక కాలు పొడుగైనట్టు ఆ పాదం నేలమీద ఈడుస్తోంది. ఎవరైనా తొక్కితే కవిగారు బోర్లా పడాలి. టేపు పెట్టాను, సుద్దతో గీత గీశాను, మిగిలిన ముక్క కత్తిరించేశాను. కత్తిరించిన గుడ్డ పారేసే అలవాటు నాకు లేదు కదా, దాంతో ఏం చేశానంటావ్? పద్యానికి జేబు కుట్టాను!"

"పద్యానికి జేబా?"

"ఎడమవైపు. ఆయన ఇప్పటికీ కళ్ళజోడు అందులోనే పెట్టుకుంటాడు. పద్యం మర్చిపోయిన రోజు కళ్ళజోడు కూడా కనపడదు, పాపం. ఇంతకీ ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మూడున్నర అయింది," అన్నాడు తమ్ముడు.

"కంగారు పడకు తమ్ముడూ, కంగారులో కత్తెర పెడితే కాలరు పోతుంది. ఇదిగో, ఈ ఎదురుగా ఉన్న డిపోలోనే జరిగింది. స్కూళ్ళకి సెలవులిచ్చిన రోజు. టికెట్ల కిటికీ దగ్గర జనం ఒకళ్ళమీద ఒకళ్ళు పడి కొట్టుకుంటున్నారు. ఈలలు వేసినా, కర్రలు ఊపినా లాభం లేదు. నేను బల్ల ఎక్కి ఉత్పలమాల అందుకున్నాను. అంతే! జనం వాళ్ళంతట వాళ్ళే వరసలు కట్టేశారు. నాలుగు వరసలు, వరసకి ఇరవై మంది. ఉత్పలమాలకి పాదానికి ఇరవై అక్షరాలు కదా, ఒక్కడు ఎక్కువ లేడు, ఒక్కడు తక్కువ లేడు. పద్యంలో మొదటి అక్షరానికి పదో అక్షరం చుట్టం కావాలి, దాన్ని యతి అంటారు. చూద్దును కదా, ప్రతి వరసలోనూ పదోవాడు మొదటివాణ్ణి చూసి 'చిన్నాన్నా, నువ్వా!' అని ఏడుస్తూ కావలించుకుంటున్నాడు. ఇక నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే రకం ఉండాలి, అది ప్రాస. నాలుగు వరసల్లోనూ రెండో మనిషికి నీలం చొక్కా!"

"భలే కుదిరిందే," అన్నాడు తాతయ్య, బిస్కెట్టు సగం గ్లాసులో పడిపోయిన సంగతి కూడా చూసుకోకుండా.

"కుదరదా మరి, చొక్కాలు కుట్టింది నేనే కదా. అయితే అంతలో చిక్కొచ్చింది. ఎనిమిది మంది బక్కపలచటి అన్నదమ్ములు ఆలస్యంగా వచ్చారు. వరసలు నిండిపోయాయి. ఇంకొకడైతే ఏం చేసేవాడు? వెళ్ళిపొమ్మనేవాడు. నేను చంపకమాలకి మారిపోయాను. అది వరసకి ఇరవై ఒకటి. ఉత్పలమాలకీ దానికీ తేడా అంతా మొదట్లోనే ఉంది. ముందున్న ఒక్క బరువైన అక్షరాన్ని తీసేసి రెండు తేలికపాటి అక్షరాలు పెడితే చాలు, ఉత్పలమాల కాస్తా చంపకమాల అయి కూర్చుంటుంది. నాలుగు వరసల ముందూ నలుగురు లావుపాటి మనుషులున్నారు. వాళ్ళని పక్కకి రమ్మని, ఒక్కొక్కరి చోట ఇద్దరేసి బక్కవాళ్ళని నిలబెట్టాను. పద్యం నడక తప్పలేదు, ఒక్క టికెట్టు చిరగలేదు."

తాతయ్య వేలెత్తాడు. నలభై ఏళ్ళు ఉత్తరాలు పంచినవాడు, చిరునామా తప్పితే పట్టేస్తాడు. "ఆగాగు. ముందు ఇద్దరొచ్చి నిలబడితే రెండో మనిషి మారిపోయాడు కదా? మరి నీ నీలం చొక్కా?"

మాస్టరు టీ చప్పరించి గ్లాసు పక్కన పెట్టాడు. "ఆ ఎనిమిది మందిలో నలుగురికి నీలం చొక్కాలే తాతయ్యా. ఎవరు కుట్టారనుకున్నావ్?"

పిన్ని పకపకా నవ్వింది. సరిగ్గా అప్పుడే రోడ్డు దాటి తమ్ముడి అక్క వచ్చింది. ఉతికిన చీర, చేతిలో సంచీ, సంచీలో మొగుడికి కొత్త చొక్కా. "డిపోకి వెళ్ళేదాకా ఇంట్లో కూర్చోలేక వచ్చేశాన్రా. పద్యం అయిందా?"

తమ్ముడు బోర్డుని ఒళ్ళోనే బోర్లా తిప్పబోయాడు గానీ ఆలస్యమైపోయింది. ఖాళీ పసుపు ఆమె కళ్ళ పడనే పడింది.

"అయినట్టే చెల్లెమ్మా, కూర్చో కూర్చో. అసలు ఘట్టంలోనే వచ్చావు," అన్నాడు మాస్టరు.

ఆమె కూర్చుంది. పిన్ని అడక్కుండానే టీ ఇచ్చింది.

"మరి ఆ నలుగురు లావుపాటివాళ్ళు ఏమయ్యారు?" అన్నాడు తాతయ్య.

"అక్కడికే వస్తున్నా! నలుగురూ పోయి బస్సెక్కి వెనక సీట్లో కూర్చున్నారు. నేనూ ఎక్కాను. కొండమలుపు దగ్గర వాన. వెనకభాగం బరువుకి బస్సు బురదలో కూరుకుపోయింది. తోశాం, కదల్లేదు. తాడు కట్టాం, తెగింది. అప్పుడు నేను కిందికి దిగి దండకం మొదలుపెట్టాను. చెల్లెమ్మా, దండకానికి పాదాలుండవు. నాలుగో ఎనిమిదో అని లెక్కుండదు. గొలుసులో లింకులు వేసినట్టు ఒకే రకం ముక్క వేసుకుంటూ పోవడమే. ఎప్పటికో చివర్లో ఒక బరువైన అక్షరం పెడితే అక్కడ ముడి పడి ఆగుతుంది. మొదటి లింకు బస్సు ముందు కొక్కేనికి తగిలించాను. ఇరవై లింకులయ్యాయి, చక్రం కదిలింది. నలభై అయ్యాయి, బస్సు బయటికొచ్చింది. జనం చప్పట్లు! ఆ చప్పట్ల హడావిడిలో నేనొక పొరపాటు చేశాను."

"ఏం పొరపాటు?"

"చివరి బరువైన అక్షరం పెట్టడం మర్చిపోయాను! ముడి పడలేదు. దండకం ఆగదు. బస్సు ఆగదు. కొండెక్కేసింది, దిగేసింది, ఊళ్ళు దాటింది, రోడ్డు అయిపోయింది, అయినా పోతోంది. సముద్రం వచ్చింది. చక్రాలు తడవకుండా పోతోంది. పక్కనే ఒక తిమింగలం కాసేపు మాతో వచ్చి, ఊపిరందక ఆగిపోయింది. అలా పోగా పోగా, భూమి గుండ్రంగా ఉంది కదా, ముందు అద్దంలోంచి చూస్తే ఎదురుగా ఒక బస్సు వెనకభాగం. నంబరు చదివాను. మన బస్సే! మేము తిరిగొచ్చి మా వెనకే చేరాం. డ్రైవరు బ్రేకు వెయ్యబోయాడు. 'వద్దు, హారన్ కొట్టి పక్కనుంచి పోనియ్' అన్నాను. మా బస్సు మా బస్సునే దాటేసింది తమ్ముడూ! దాటేటప్పుడు ఆ బస్సు కిటికీలో నేను కూర్చుని ఉన్నాను. చెయ్యూపాను. వాడు తిరిగి ఊపలేదు. పొగరు!"

పిన్ని స్టవ్వు కట్టేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూలబడింది. తాతయ్యకి పొరబోయింది. ఏడుపు మొహంతో ఉన్న తమ్ముడు కూడా నవ్వేశాడు, నవ్వినందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

"అన్నయ్యగారూ," అంది అక్క, తనూ కళ్ళు తుడుచుకుంటూ. "ఆ బస్సు నడిపింది ఎవరు?"

మాస్టరు క్షణం కూడా తడుముకోలేదు. "ఇంకెవరమ్మా, మా బావగారే! ఇంకొకడైతే సముద్రం చూసి దిగిపోయేవాడు."

"ఎన్ని రోజులు తిరిగారు?"

"నాలుగు."

"ఈ ముప్పై నాలుగేళ్ళలో ఆయన భోజనానికి ఇంటికి రాని రోజు ఒక్కటీ లేదే."

"వచ్చాడు కదమ్మా! చుట్టూ తిరుగుతున్నాం కనక రోజూ సాయంత్రం మీ వీధి తగిలేది. గబగబా దిగి, భోంచేసి, మళ్ళీ వచ్చే చుట్టులో ఎక్కేవాడు. నీకు చెప్పలేదా? అంతేలే, గొప్పలు చెప్పుకోని మనిషి."

మళ్ళీ నవ్వులు. ఆ నవ్వుల్లోనే ఎదురుగా డిపో గడియారం నాలుగు కొట్టింది. తమ్ముడి నవ్వు ఆగిపోయింది.

అక్క గ్లాసు కింద పెట్టింది. "అన్నయ్యగారూ, దండకం వద్దు. ఉత్పలమాలా వద్దు. కందం కూడా అక్కర్లేదు. ద్విపద చెప్పండి. రెండంటే రెండు పాదాలు. మీరు చెప్తుంటే తమ్ముడు రాసేస్తాడు."

"రెండు పాదాలేనా! మరీ పసిపిల్లల గుడ్డల కొలత అడిగావు చెల్లెమ్మా..."

"ఆ కొలతే కుట్టండి."

మాస్టరు గొంతు సవరించుకున్నాడు. డిపోవైపు చూశాడు. "ఓ బస్సు..." అన్నాడు. ఆగాడు. టేపు చుట్టాడు, విప్పాడు, మళ్ళీ చుట్టాడు. "బస్సు నడిపే ఓ..." అన్నాడు. బెంచీ మీద ఎవరూ నవ్వలేదు. భూమంతా చుట్టొచ్చిన మనిషికి రెండు పాదాల దూరం దాటడం కుదరలేదు.

"మీకు రాదు," అంది అక్క. దెప్పినట్టు కాదు, చీకట్లో తడుముకుంటున్న మనిషికి గోడ ఎక్కడుందో చెప్పినట్టు అంది. "పొద్దున్న ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ అద్దంలో చూసుకుని నవ్వుకున్నారు. నా మీద పద్యం, అన్నారు. డిపోలో అందరికీ చెప్పుకున్నారట. నేను ఆయన చేతికి ఖాళీ చెక్క ఇవ్వలేను."

"అక్కా, తప్పు నాదే. ముందే..."

"ఉండరా." ఆమె కళ్ళు మూసుకుంది. వేళ్ళతో బెంచీ చెక్క మీద మెల్లగా దరువేసింది. "మా నాయనమ్మ కథలన్నీ ద్విపదలోనే పాడేది. నాకు ఆ నడకొక్కటే తెలుసు. మీ బావ మూడో మలుపు దగ్గర హారన్ కొడితే నాకు వంటింట్లోకి వినపడేది. అప్పుడెళ్ళి తలుపు తీసేదాన్ని. రోజూ అంతే. నాకు చెప్పడానికి ఉన్నదీ అంతే."

రెండుసార్లు ఏదో మొదలుపెట్టి తల అడ్డంగా ఊపింది. మూడోసారి చెప్పింది:

"మలుపు మలుపులోన మము గాచినావు
తలుపు తీసిన యింట తనివిగా నుండు."

తమ్ముడు కుంచె ముంచడం మర్చిపోయాడు.

ముందు కదిలింది మాస్టరే. అతని పెదవులు ఆడుతున్నాయి, వేళ్ళు ముడుచుకుంటున్నాయి. "మలుపుమ... లుపులోన... మముగాచి... నావు. మూడు పెద్ద ముక్కలు, ఒక చిన్న ముక్క. తలుపుతీ... సినయింట... తనివిగా... నుండు. ఇదీ అంతే. మకి మ, తకి త. రెండో అక్షరం రెండింట్లోనూ లకారం." అతను తలెత్తాడు. "సరిపోయింది చెల్లెమ్మా. ఒక్క పోగు ఎక్కువ లేదు, తక్కువ లేదు."

"నాలుగు గీతలు గీశానే!" అన్నాడు తమ్ముడు ఏడుపుగొంతుతో. "చిన్నదీ పెద్దదీ, చిన్నదీ పెద్దదీ అని. రెండు పాదాలకి ఇదెలా..."

"పెద్ద గీతల మీద పద్యం రాయి. చిన్న గీతల చోట, పైన బస్సు బొమ్మ వెయ్యి, మధ్యలో తలుపు బొమ్మ వెయ్యి," అన్నాడు మాస్టరు. "తెరిచిన తలుపు. మూసింది కాదు."

తమ్ముడు రాయడం మొదలుపెట్టాడు. మాస్టరు రంగుడబ్బా పట్టుకుని పక్కన గొంతుక్కూర్చున్నాడు, కుంచె చాపినప్పుడల్లా డబ్బా అందించాడు. తాతయ్య నిలబడి ఒక్కో అక్షరం సరిచూశాడు. పిన్ని విసనకర్ర తెచ్చి, రాసినంతమేరా విసురుతూ పోయింది.

"చెల్లెమ్మా," అన్నాడు మాస్టరు, తల ఎత్తకుండా. "నేను ఇవాళ చెప్పినవాటిలో ఒకటి నిజం."

"ఏది, ఏది? నీలం చొక్కాలేనా?" అన్నాడు తాతయ్య ఆశగా.

"పద్యాన్ని కొలవడం నాకొచ్చు. పుట్టించడం రాదు."

"అది మీరు చెప్పలేదే!" అంది పిన్ని.

"ఇప్పుడు చెప్పాను కదా."

ఐదుకి రెండు నిమిషాలుందనగా రోడ్డు చివర హారన్ మోగింది. అక్క చటుక్కున లేచి చెయ్యి ముందుకు చాపింది. అక్కడ తలుపు లేదు. తనలో తనే నవ్వుకుని, ఆ చేత్తోనే బోర్డు ఒక కొస పట్టుకుంది. తమ్ముడు రెండో కొస పట్టుకున్నాడు. 'నుండు' దగ్గర రంగు ఇంకా నిగనిగలాడుతోంది.

అప్పటికే మాస్టరు రోడ్డు మధ్యకి పరిగెత్తాడు. అటు లారీలు, ఇటు స్కూటర్లు, ఎదురుగా బావగారి బస్సు. రెండు చేతులూ బార్లా చాపి, గొంతు చించుకుని అరిచాడు:

"ఆగండి! అందరూ ఆగండి! పద్యం ఇంకా తడిగా ఉంది!"